తొమ్మిది కిలోమీటర్లు

జనవరి 18

మావయ్యా,

ఉద్యోగం రాలేదు. ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నువ్వు ఉత్తరం చివర్నుంచి చదవడం మొదలుపెడతావని నాకు తెలుసు.

ఇది మూడో ఇంటర్వ్యూ. పొడుగు బల్లకి అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆయన నా సర్టిఫికెట్లు తిరగేసి, "రీజనల్ ప్లానర్ అంటే ఇళ్లు కట్టడం వచ్చా?" అన్నాడు. రాదండీ అన్నాను. "రోడ్లు వెయ్యడం?" అదీ రాదండీ అన్నాను. "మరి ఏం వచ్చమ్మా నీకు?" అన్నాడు. స్కూలు, ఆసుపత్రి, బస్టాండు, ఏది ఏ ఊళ్లో ఉంటే చుట్టుపక్కల అందరికీ అందుతుందో లెక్క తేల్చి చెప్పడం వచ్చండీ అన్నాను. పక్కనున్నాయన, "ఏది ఎక్కడ పెట్టాలో చెప్పడం మా ఆవిడకీ వచ్చు" అన్నాడు. ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను మావయ్యా, ఏం చేస్తాను. మెట్లు దిగేటప్పుడు మాత్రం కళ్లు మండాయి.

ఇంకో రెండు చోట్ల దరఖాస్తు పెట్టాను. అత్తయ్యకి దిగులు పడొద్దని చెప్పు.

నీ మేనకోడలు


జనవరి 27

కోడలు పిల్లా,

ఆ నవ్వినాయన ఇంట్లో కుర్చీ ఎక్కడుండాలో కూడా వాళ్లావిడే చెబుతుందన్నమాట. అలాంటివాడి కింద పనిచెయ్యకుండా తప్పించుకున్నావు, సంతోషించు.

నేను ఈ బోర్డులు రాసే దుకాణం తెరిచిన కొత్తలో నాలుగు నెలలు ఒక్క బోర్డు కూడా రాలేదు. ఖాళీగా కూర్చోలేక నా దుకాణం పేరే పదకొండుసార్లు చెరిపి పదకొండుసార్లు రాశాను. అది చూసి పక్కవాడు, వీడికి పని ఎక్కువగా ఉన్నట్టుందే అనుకుని తన బోర్డు తెచ్చిచ్చాడు. అదీ సంగతి. కాబట్టి ఊరికే కూర్చోకు, ఏదో ఒకటి గీస్తూ ఉండు.

ఇక్కడ మన టైలరు మేడ వేస్తున్నాడు. మా కోడలు ప్లానరు, ఒక్క పూటలో ప్లాను గీసిపారేస్తుంది అని చెప్పాను. స్థలం కొలతలు ఈ కాగితం వెనకాల రాశాను, చూడు. మెట్లు బయటినుంచే రావాలట.

మీ అత్తయ్య బాగానే ఉంది. నేను చెప్పేది సగం, ఊహించుకునేది సగం కలిపి ఆవిడే దిగులు పడుతోంది.

బోర్డు మావయ్య


ఏప్రిల్ 6

మావయ్యా, అత్తయ్యా, ఇద్దరూ కలిసి చదవండి!

వచ్చింది! ప్రాంతీయ ప్రణాళికా కార్యాలయంలో సహాయ ప్లానర్. ఏడాది పాటు తాత్కాలికం. నా మొదటి నివేదిక సరిగ్గా వస్తే పర్మనెంటు, రాకపోతే ఇంటికి. అందుకని మరీ గంతులెయ్యకండి, కొంచెం వెయ్యండి.

ఆఫీసు మూడో అంతస్తు. నా బల్ల కిటికీ పక్కనే, కాకపోతే ఆ కిటికీ తెరుచుకోదు. రంగు వేసినప్పుడు రెక్కలు అతుక్కుపోయాయట. గదంతా వెడల్పాటి సొరుగుల బీరువాలు, ప్రతి సొరుగులోనూ మ్యాపులు. ఒక డ్రాఫ్ట్స్‌మన్ గారున్నారు, మ్యాపులు గీసేది ఆయనే. పెన్సిలు చెక్కడానికి ఆయన తీసుకునేంత సేపు నేను తల దువ్వుకోవడానికి కూడా తీసుకోను. పై అధికారి ఒక మేడం. ఎక్కువ మాట్లాడరు. ఫోను ఆవిడ గదిలోనే, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

మా కింద నలభై మూడు ఊళ్లు. అందులో మన ఊరూ ఉంది, అత్తయ్య పుట్టిన ఊరూ ఉంది! నాకిచ్చిన మొదటి పని ఏమిటంటే, కొత్తగా మూడు ఆరోగ్య కేంద్రాలు వస్తున్నాయి, అవి ఏ మూడు ఊళ్లలో పెట్టాలో తేల్చాలి.

టైలర్‌గారి మేడ నా వల్ల కాదని చెప్పు మావయ్యా. ఎన్నిసార్లు చెప్పాను, నేను ఇళ్ల ప్లానర్‌ని కాదని!

మీ అమ్మాయి


ఏప్రిల్ 15

ఆఫీసరమ్మ గారికి,

మీ అత్తయ్య కళ్లు తుడుచుకుంది, నేను ముక్కు తుడుచుకున్నాను. వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి చెప్పుకుంటూ వచ్చాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు ముందు రచ్చ గెలిచావు, ఇల్లు ఎప్పుడో నీదే.

టైలరు కోప్పడలేదు. ఆసుపత్రులు మంజూరు చేసే అమ్మాయి మేడలు గీస్తుందా అన్నాడు. ఇప్పుడు దుకాణం ముందు రోజుకి నలుగురు నిలబడుతున్నారు. ఒకాయనకి వాళ్ల వీధిలో ఆసుపత్రి కావాలట, ఇంకొకాయనకి వాళ్ల వీధిలో వద్దట, రద్దీ పెరుగుతుందట. అందరి దగ్గరా అర్జీలు తీసుకుని కట్ట కట్టి పెట్టాను. పంపమంటావా?

తిండి వేళకి తిను. కిటికీ రెక్క సందులో పల్చటి రేకు పెట్టి పై నుంచి కిందికి లాగు, తెరుచుకుంటుంది. కిటికీలకి రంగు వేసేవాళ్లు చేసే నిర్వాకమే అది.

మావయ్య


జూన్ 2

మావయ్యా,

అర్జీలు పంపకు! ఎవరివి వాళ్లకి తిరిగిచ్చెయ్. నేను మంజూరు చేసేదాన్ని కాదు, లెక్క కట్టేదాన్ని. ఇలా అర్జీలు పోగేస్తున్నావని మేడంకి తెలిస్తే నా పని గోవిందా.

కిటికీ తెరుచుకుంది. డ్రాఫ్ట్స్‌మన్ గారు నన్ను కొత్తగా గౌరవిస్తున్నారు.

నివేదిక దాదాపు పూర్తయింది. మాకొక రూలుంది. ఇప్పుడున్న ఆసుపత్రికి పది కిలోమీటర్ల లోపున్న ఊరిని లెక్కలోకే తీసుకోకూడదు. మన ఊళ్లో ఆసుపత్రి ఉంది కదా, రోడ్ల రిజిస్టరు ప్రకారం అత్తయ్య వాళ్ల ఊరు అక్కడికి తొమ్మిది. కాబట్టి మొదటి వడపోతలోనే ఎగిరిపోయింది. నాకూ కొంచెం బాధేసింది, కానీ రూలు రూలే. మిగిలినవాటిలో జనాభా, దూరం, బస్సులు అన్నీ చూసి మూడు ఊళ్లు తేల్చాను. జాబితా మేడం సంతకానికి వెళ్లింది. ఆగస్టులో ఊళ్లలో అభ్యంతరాలు వింటారు, ఆ తర్వాత ఖాయం. ఏ గొడవా లేకపోతే నా ఉద్యోగమూ ఖాయమే!

నీ లెక్కల కోడలు


జూన్ 10

అమ్మాయీ,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు తగ్గాయి.

ఒక మాట. మీ అత్తయ్య ఊరిని అలా తీసిపారెయ్యకు. కిలోమీటర్లదేముంది, తొమ్మిదంటారు, పదంటారు, నడిచేవాడికి తెలుస్తుంది. పెద్ద ఊరు, ముసలీముతకా ఉన్న ఊరు. జాబితాలో చేర్చెయ్. మేడం అడిగితే ఏదో ఒకటి చెప్పు, చదువుకున్నదానివి, నీకు నేను చెప్పాలా. ఎందుకూ అని నన్ను అడక్కు.

మీ అత్తయ్యకి ఈ విషయం రాయకు. నీ ఉత్తరం ఆవిడకి నేనే చదివి వినిపించాను, ఆ పేరా వదిలేసి.

మావయ్య


జూన్ 17

మావయ్యా,

కోపం తగ్గాక రాద్దామని రెండు రోజులు ఆగాను. తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

సిఫారసా? నువ్వా? అత్తవారి ఊరు కాబట్టి జాబితాలో దూర్చెయ్యాలా? చిన్నప్పుడు నీ దుకాణంలో కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. గీత వంకర పోతే, ఎవరూ చూడరులే అని నేనంటే, "నువ్వు చూశావుగా, చెరుపు" అని మొత్తం చెరిపించినవాడివి నువ్వే. ఇప్పుడు మేడంకి ఏదో ఒకటి చెప్పమంటున్నావు. అవతల నిజంగా ఇరవై కిలోమీటర్లు వెళ్లాల్సినవాళ్లున్నారు. వాళ్ల చోటు లాక్కుని మనవాళ్లకిస్తే ఆ ముగ్గురు నవ్వినవాళ్లకీ నాకూ తేడా ఏముంది?

ఈ ఒక్క విషయం తప్ప ఏమైనా అడుగు.

నీ మేనకోడలు


జూన్ 29

అమ్మాయీ,

తిట్టావు. బాగా తిట్టావు. తిట్టాల్సిన మనిషినే తిట్టావు, కాకపోతే తిట్టాల్సిన తప్పుకి కాదు. అసలు తప్పు ఇంకా పెద్దది. కూర్చుని చదువు.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఆ ఊరి పాలకేంద్రం గోడ మీద అక్షరాలు రాయడానికి వెళ్లాను. పాలు పోయడానికొచ్చిన ఒక పిల్ల కాసేపు నిలబడి చూసి, "ఆ మూడోది కుడివైపుకి ఒరిగింది" అంది. దిగి చూస్తే నిజంగానే ఒరిగింది. ఆవిడే మీ అత్తయ్య. ఇంటికొచ్చి మా అమ్మకి, అంటే మీ అమ్మమ్మకి, చెప్పాను. ఆవిడ ఒకటే మాట పట్టుకుంది. "పది కిలోమీటర్లు దాటి పిల్లని తెచ్చుకోనురా. కోడలికి జ్వరమొస్తే వాళ్లమ్మ ఆ పూటకే వచ్చి చూసుకునేలా ఉండాలి." మాట మంచిదే. అక్కడే వచ్చింది చిక్కు.

సరిగ్గా ఆ నెలలోనే ఆ రోడ్డు వేశారు. దూరాల బోర్డులు రాసే పని నాకే వచ్చింది. రోడ్ల ఆఫీసువాళ్లిచ్చిన చీటీలో ఆ ఊరు పద్నాలుగు. చీటీ చదివాను, అర్థం కాకపోలేదు. నా చెయ్యి మాత్రం తొమ్మిది రాసింది.

అమ్మని సైకిలు వెనకాల ఎక్కించుకుని తీసుకెళ్లి బోర్డు చూపించాను. అక్షరం వచ్చిన మనిషి కాదు గానీ అంకెలొచ్చు. "తొమ్మిదేనా! ఇంకేం" అంది. దారి సగం అయ్యేసరికి, "ఏంట్రా ఇది, ఎంతకీ తరగదు" అంది. ఎదురుగాలమ్మా అన్నాను. ఆకు కదలడం లేదు అమ్మాయీ ఆ రోజు.

పెళ్లవగానే సరిచేద్దామనుకున్నాను. మర్చిపోయాను అంటే అది ఇంకో అబద్ధం. రెండేళ్లకోసారి ఆ బోర్డుకి కొత్త రంగు వేసేది నేనే. వేసిన ప్రతిసారీ తొమ్మిదే రాశాను. మార్చితే, ఇన్నాళ్లూ ఏమైంది అని అడుగుతారని భయం. తర్వాత వానలకి రోడ్ల ఆఫీసు కప్పు కారి పాత రిజిస్టరు పాడైంది. గుమాస్తా ఒకతను సైకిలు మీద తిరిగి, బోర్డుల మీద ఉన్న అంకెలే కొత్త రిజిస్టర్లోకి ఎక్కించాడు. నా దుకాణం దగ్గరే ఆగి మంచినీళ్లు తాగి, పని తేలిగ్గా అయిపోయిందండీ అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

నీ రిజిస్టర్లో ఉన్న తొమ్మిది నాది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పేరా చదవగానే నాకు చెమటలు పట్టాయి. చేసింది ఒప్పుకోలేక నీకు అడ్డదారి నేర్పబోయాను. దానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఇప్పుడేం చెయ్యాలో నువ్వే చెప్పు. నీ ఉద్యోగానికి దెబ్బ తగిలేటట్టుంటే ఈ ఉత్తరం చింపెయ్.

మావయ్య


జూలై 8

మావయ్యా,

చింపలేదు. చదివి ముందు నవ్వాను. ఎదురుగాలి దగ్గరైతే బల్ల మీద తల వాల్చేశాను, డ్రాఫ్ట్స్‌మన్ గారు ఒంట్లో బాగోలేదా అని అడిగారు. ఆ తర్వాత నవ్వు పోయింది.

ఎందుకంటే నాదీ ఒక తప్పుంది. మేలో మ్యాపు మీద దారం పరిచి ప్రతి రోడ్డూ కొలిచాను. మా చదువులో నేర్పే మొదటి పని అది. అత్తయ్య ఊరి రోడ్డుకి పదమూడు దాటి వచ్చింది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే. రిజిస్టరు చూస్తే తొమ్మిది. నా దారమే సాగినట్టుంది, నా చెయ్యే తిన్నగా లేదు అనుకుని పదమూడు కొట్టేసి తొమ్మిది వేశాను. కొత్తదాన్ని కదా, ప్రభుత్వం వారి రిజిస్టరుకి ఎదురుచెప్పడమా అనిపించింది. నీకు నీతులు చెప్పిన ఉత్తరం రాసేటప్పటికి నా చిత్తు పుస్తకంలో ఆ కొట్టివేత అలాగే ఉంది!

నిన్న రెండూ తీసుకుని మేడం గదికి వెళ్లాను, నీ ఉత్తరమూ నా చిత్తు పుస్తకమూ. చెప్పేశాను. బోర్డు రాసింది మా మావయ్య, అది మా అత్తయ్య పుట్టిన ఊరు, పదమూడు కొట్టేసింది నేను. ఆవిడ చాలాసేపు చదివారు. "ఉత్తరం కొలత కాదు" అన్నారు. "నువ్వు వెళ్లకూడదు, బంధువులు. డ్రాఫ్ట్స్‌మన్ గారు వెళ్తారు." అంతే. కోపమో కాదో ముఖంలో ఏమీ కనపడలేదు.

డ్రాఫ్ట్స్‌మన్ గారు కొలత చక్రం తీసుకుని సోమవారం వస్తున్నారు. ఎదురుగాలి ఉందని మాత్రం ఆయనకి చెప్పకు.

నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. అయినా నిన్న హాయిగా నిద్రపట్టింది.

మీ అమ్మాయి


జూలై 19

అమ్మాయీ,

మీ డ్రాఫ్ట్స్‌మన్ గారు వచ్చారు. పొడుగాటి కర్రకి సైకిలు చక్రం లాంటిది తగిలించుకుని ఆసుపత్రి గేటు దగ్గర మొదలుపెట్టారు. ముందు దుకాణంలో దాక్కుందామనుకున్నాను. కాసేపటికి నా మీద నాకే అసహ్యం వేసి వెంట వెళ్లాను. చక్రం ఒక్కో చుట్టూ తిరుగుతుంటే టిక్కు టిక్కుమని చప్పుడు. ప్రతి టిక్కూ నా వీపు మీద పడ్డట్టే ఉంది. ఆయన మంచి మనిషి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మధ్యలో రాయి మీద కూర్చుని, ఆ బోర్డు మీద అక్షరాలు చాలా బాగున్నాయండీ అన్నారు. ఏడుపొక్కటే తక్కువ నాకు.

పద్నాలుగు కిలోమీటర్లా నూట ఇరవై మీటర్లు. చీటీలో ఉన్నదే.

మీ అత్తయ్య అడిగింది, ఎండలో ఎక్కడికెళ్లొచ్చారు అని. రోడ్డు కొలుస్తుంటే చూడ్డానికి అన్నాను. అబద్ధం కాదుగా?

మావయ్య


ఆగస్టు 3

మావయ్యా,

మేడం పిలిచారు. చెప్తాను, అన్నీ వరసగా.

ముందు నా సంగతి. పర్మనెంటు చెయ్యలేదు, పంపించెయ్యనూ లేదు. పరీక్షా కాలం ఇంకో ఆరు నెలలు పొడిగించారు. "రిజిస్టరు తప్పు అవడం నీ తప్పు కాదు. నీ కొలతని నువ్వే కొట్టెయ్యడం నీ తప్పు" అన్నారు. తలొంచుకున్నాను. తర్వాత, "ఆ ఒక్క రోడ్డే తప్పని ఏమిటి నమ్మకం? నలభై మూడు ఊళ్లూ మళ్లీ కొలవండి. ఆ పనికి నువ్వే బాధ్యురాలివి" అన్నారు. శిక్షో బహుమతో తెలీదు గానీ, మావయ్యా, నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది! కొత్త చక్రం, ఒక జీపు, ఇద్దరు మనుషులు. చేరి నాలుగు నెలలు కాలేదు, నాకంటూ ఒక పని!

ఇప్పుడు నీ సంగతి. కొలత ఒక్కటే పంపితే రోడ్ల ఆఫీసువాళ్లు మా రిజిస్టరు సరైనదే, మీ చక్రమే తప్పు అంటారు. తప్పు ఎలా పుట్టిందో బోర్డు రాసిన మనిషే సంతకం పెట్టి చెబితే ఇక ఎవరూ నోరెత్తరు. ఇరవయ్యో తేదీన ఆ ఊళ్లోనే సభ. నువ్వే నిలబడి చదవాలి. చదివితే ఆ ఊరు జాబితాలోకి వస్తుంది. చదవకపోతే పాత జాబితానే వెళ్తుంది, మళ్లీ ఆరోగ్య కేంద్రాలు ఎప్పుడిస్తారో ఎవరికీ తెలీదు. వాళ్లకిస్తే మూడో చోటున్న ఊరికి ఈసారి రాదు. వాళ్లు నన్ను తిట్టుకుంటారు, పడతాను.

బలవంతం చెయ్యను. కానీ అత్తయ్యకి నువ్వే ముందు చెప్పు. సభలో వింటే బాగోదు.

నీ మేనకోడలు


ఆగస్టు 24

అమ్మాయీ,

చెప్పలేకపోయాను. నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే అనుకోవడం, సాయంత్రానికి మానుకోవడం. ప్రభుత్వానికి సంతకం పెట్టడానికి భయం లేదు గానీ ఇంట్లో నోరు పెగల్లేదు. పుట్టింటివాళ్లని చూసినట్టుంటుందని ఆవిడ కూడా సభకి బయల్దేరింది. ఇక అయిపోయానురా దేవుడా అనుకున్నాను.

మీ మేడం పేరు పిలవగానే లేచి చదివాను. చీటీలో పద్నాలుగు, రాసింది తొమ్మిది, కారణం పెళ్లి. వెనకనుంచి ఎవరో పెద్దాయన, "పిల్ల కోసం అల్లుడు ఊరినే అయిదు కిలోమీటర్లు ఇవతలికి లాగాడ్రోయ్!" అన్నాడు. సభంతా గొల్లుమంది. మీ మేడం కూడా కాగితం అడ్డం పెట్టుకుని నవ్వడం చూశాను. ముందు వరసలో ఒకావిడ మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ కూర్చుంది. ఆసుపత్రి దూరమై మీ ఇంట్లో ఏమైందమ్మా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ చూపు నాకు చాలా రోజులు గుర్తుంటుంది, ఉండాలి కూడా.

అభ్యంతరాలేమీ రాలేదు. ఆరోగ్య కేంద్రం వాళ్లకే అని మీ మేడం అక్కడే చెప్పేశారు. పాలకేంద్రం పక్క స్థలం చూశారట.

ఇక మీ అత్తయ్య. సభలో ఏమీ అనలేదు. బస్సులో కిటికీ వైపు కూర్చుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు ముక్తసరిగా అవునూ కాదూ, అంతే. తిట్టినా బాగుండేది. నేను ఆవిడకోసమే చేశానని చెప్పుకుందామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. నిన్న మధ్యాహ్నం దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆవిడ అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"మా అమ్మ మంచాన పడ్డప్పుడు రెండేళ్లు వారం వారం నడిచి వెళ్లాను, గుర్తుందా? అప్పుడు బస్సు లేదు. తొమ్మిదే కదా అని బయల్దేరేదాన్ని. సగం దారిలోనే కాళ్లు లాగేసేవి. అక్కడికెళ్లేసరికి అమ్మకి నేను సాయం చెయ్యడం పోయి, ఆవిడే నాకు మంచం మీద చోటిచ్చేది. తొమ్మిది కిలోమీటర్లు కూడా నడవలేనిదాన్నయ్యాను, నా ఒంట్లోనే ఏదో లోపముంది అనుకునేదాన్ని. మీకు చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను."

కుంచె పక్కన పెట్టేశాను. ఊరికి చేసిన తప్పు సభలో చదివాను గానీ, ఈ తప్పు నాకు తెలియనే తెలియదు అమ్మాయీ.

ఆవిడ వీధి వైపు చూస్తూ, "అయితే నేను బాగానే నడిచానన్నమాట" అంది.

బాగా నడిచావు అన్నాను. ఆవిడ లేచి, రెండు కాళ్లూ ఒకసారి చూసుకుని, ఇంటికి వెళ్లింది.

ఆ నలభై మూడు ఊళ్లూ జాగ్రత్తగా కొలువమ్మా.

మావయ్య